జీడితోట కాపు హక్కు

రెండువేల ఒకటో సంవత్సరం ఏప్రిల్లో, ఆ గురువారం పొద్దున్న జయప్రకాష్ మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. టెక్కలిలో తొమ్మిదింపావు బస్సెక్కాలి. పలాసలో శ్రావణి ఇంటర్నెట్ షాపుకి వెళ్ళి, సంచిలో ఉన్న క్యాసెట్టు ఆ అమ్మాయికి చూపించాలి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయాలి. అంతే. ఈ మధ్యలో వందమంది జనం, రెండు ట్రాక్టర్లు, కర్ర పుచ్చుకున్న సొంత అన్నయ్య వస్తారని ఆయన కలలో కూడా అనుకోలేదు. అసలాయన కలలు కనే మనిషే కాదు, లెక్కల మాస్టారు.

ఆ క్యాసెట్టులో పాటలు లేవు. 'జీడితోట' అనే కంప్యూటర్ ఆట ఉంది. ఎనభై ఏడులో మాస్టారు పనిచేసే స్కూలుకి 'తారామతి' అనే కంప్యూటర్ ఒకటి హైదరాబాదు నుంచి వచ్చింది. ఆ మహాతల్లికి సొంత తెర లేదు, టీవీకి తగిలించాలి. మతిమరుపు మరీ ఎక్కువ, కరెంటు తీస్తే అన్నీ మర్చిపోయేది. అందుకని ప్రోగ్రాములన్నీ మామూలు క్యాసెట్లలో దాచుకుని, టేప్ రికార్డరులో వేసి మళ్ళీ దానికి వినిపించాలి. పావుగంటసేపు కీచుకీచుమనే ఆ రొద విన్నాక గుర్తు తెచ్చుకుని ఆట తెర మీద పెట్టేది.

మాస్టారూ, సైన్సు టీచరు మగ్దలీనా కలిసి ఒక వేసవంతా కూర్చుని ఆ ఆట రాశారు. పన్నెండు జీడిచెట్లు, రాలిపడే పళ్ళు, పళ్ళ మీద లెక్కల జవాబులు, కింద బుట్ట పట్టుకుని పరిగెత్తే పిల్ల. లెక్కలు ఆయనవి. చెట్లూ, పళ్ళూ, పిల్లా ఆవిడవి. తారామతి కంపెనీవాళ్ళు చూసి భేష్ అన్నారు. హక్కులన్నీ తీసేసుకుని, ఇక కాపీలు చెయ్యనని మాస్టారి చేత సంతకం పెట్టించుకున్నారు. నాలుగేళ్ళు తిరక్కుండా ఆ కంపెనీయే మూతపడింది. ఆట బజారు మొహం చూడలేదు. మగ్దలీన టీచరు అంతకు ముందే, వాళ్ళమ్మకి కిడ్నీలు పాడైతే, బదిలీ పెట్టుకుని కంచిలి వెళ్ళిపోయింది. మాస్టారి దగ్గర మిగిలింది ఆ ఒక్క క్యాసెట్టు.

దాని మొదట్లో, కీచుమనడానికి ముందు, పిల్లల కోసం మగ్దలీన టీచరు చెప్పిన నాలుగు ముక్కలున్నాయి. ఉన్నమాట చెప్పాలంటే, పద్నాలుగేళ్ళుగా ఆదివారం చర్చి నుంచి రాగానే మాస్టారు స్కూలుకెళ్ళి తారామతికి వైర్లు తగిలించేది ఆట కోసం కాదు. ఆ గొంతు కోసం. ఆవిడంటే ఆయనకి ప్రాణం. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు సరికదా, తనకి తాను ఒప్పుకోవడానికే రెండేళ్ళు పట్టింది. అప్పటికి ఆవిడ కంచిలిలో ఉంది. ఈమధ్య టేపు అరిగిపోయి, గొంతు నూతిలోంచి వచ్చినట్టు వస్తోంది. ఇంకొక్క ఏడాది పోతే అదీ ఉండదు. ఈలోగా ఇంకో కాపీ చేసుకోవాలి. కాపీ చెయ్యనని సంతకం పెట్టి ఉన్నారు. అదీ ఆయన గోల.

శ్రావణి ఆయన దగ్గర చదువుకున్న పిల్లే. కొన్ని నెలల కిందటే ఈ గోల విని నవ్వేసింది.

"మాస్టారూ, ఇలాటి పాత కంప్యూటర్ల ప్రోగ్రాములన్నీ దేశదేశాలోళ్ళు ఇంటర్నెట్టులో పెట్టి పంచుకుంటన్నారండి. మీదీ ఇవ్వండి, నేను పెడతాను. కొత్త కంప్యూటర్లో ఆడుకునేటట్టు చేసిత్తాను. ఆ కంపెనీ ఎప్పుడో పోయింది, మనల్నెవరడుగుతారు?"

"వాళ్ళడగరు సరేనమ్మా. మనం అడగొద్దా?"

"పోయినోళ్ళనేటి అడుగుతారండీ?"

"పోయినోళ్ళకి వారసులుంటారు."

వారసుల కోసం మాస్టారు కంపెనీ పాత చిరునామాకి ఏడు రిజిస్టర్ ఉత్తరాలు రాశారు. ఏడూ క్షేమంగా తిరిగొచ్చాయి. అప్పుడు వెళ్ళి దస్తావేజులు రాసే కూర్మనాథాన్ని కలిశారు. ముప్ఫై ఏళ్ళుగా భూముల కాగితాలు తప్ప ఇంకో కాగితం ముట్టని మనిషి కూర్మనాథం. పెళ్ళి శుభలేఖ రాయమన్నా అందులో నాలుగు వైపులా సరిహద్దులు వేసే రకం.

"వారసులు తెలీనప్పుడు పేపర్లో ప్రకటనొకటి పడెయ్యాలి మాస్టారూ. ఏడ్రోజులు గడువు. ఎవడూ రాకపోతే ఇంక మీ ఇష్టం. మీ ముక్క మీరు రాసిచ్చేయండి, భాష నేను సూసుకుంటాను" అన్నాడు.

మాస్టారు రాసిచ్చారు. ఆయన వెళ్ళాక కూర్మనాథం కళ్ళజోడు పెట్టుకుని చదివి, 'కాపీ హక్కు' అన్నచోట ఆగిపోయాడు. పాపం, ఎంతైనా లెక్కల మాస్టారు, తెలుగు అంతంత మాత్రం అనుకున్నాడు. జాలిపడి, 'పీ' మీది గుడిదీర్ఘం కొట్టేసి కొమ్ము పెట్టాడు.

ఆ గురువారం పేపర్లో ప్రకటన ఇలా పడింది: "ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయునదేమనగా, 'జీడితోట' తాలూకు పూర్వపు హక్కుదారులు మూతపడి జాడ తెలియనందున, సదరు జీడితోట కాపు హక్కును అడిగిన వారికెల్ల ఉచితముగా ఇవ్వదలచినాము. అభ్యంతరములున్నవారు ఏడు దినములలోగా తెలుపవలెను." కింద మాస్టారి పేరు, టెక్కలి ఇంటి నంబరు. మాస్టారు పేరులో తప్పు లేదని చూసుకుని, ప్రకటన కత్తిరించి ఫైల్లో పెట్టేశారు. తను పదిసార్లు దిద్ది రాసిందాన్ని మళ్ళీ చదవడం ఎందుకని ఆయన ఉద్దేశం.

చెప్పుల్లో కాళ్ళు పెడుతుండగా గుమ్మంలోకి ముగ్గురు ఆడవాళ్ళొచ్చారు. ముందున్నావిడ పేరు పైడితల్లి. ఉద్దానంలో తోటల కాపు గుత్తకి తీసుకుని, కూలీలతో జీడిపిక్కలు ఏరించి పలాస ఫ్యాక్టరీలకి వేస్తుంది. చేతిలో పేపరు, చంకలో గోనెసంచి.

"జీడితోట మాస్టారంటే తవరేనా బావూ?"

మాస్టారు తొడుక్కున్న చెప్పు మళ్ళీ విప్పేశారు. పద్నాలుగేళ్ళలో ఆ ఆట గురించి ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన మొదటి మనిషి. "నేనేనమ్మా. అప్పుడే చూసేరా? రండి, కూర్చోండి!"

"కూసోడానికి టయిం లేదు బావూ. ఉత్తినే ఇత్తన్నారంట, నిజివేనా?"

"ఉత్తినే. ఇన్నేళ్ళూ నా దగ్గరే వృథాగా పడుంది. నలుగురికీ అందితే నాకంతే చాలు."

"తోట ఏమాత్రం ఉంటాది?"

"నలభై ఎనిమిది కె" అన్నారు మాస్టారు, కిలోబైట్ల లెక్కలో తారామతి బుర్రలో పట్టేది అంతే కాబట్టి. పైడితల్లి చెవిలో అది నలభై ఎనిమిది ఎకరాలై పడింది. వెనకున్న ఇద్దరూ గుండెల మీద చేతులేసుకున్నారు.

"మరి ఎవుల వాటా ఎంత బావూ?"

"వాటాలేంటమ్మా! మీకూ మొత్తం ఇస్తాను, మీ పక్కావిడకీ మొత్తం ఇస్తాను. వందమంది వచ్చినా వందమందికీ మొత్తమే. ఎంతమంది పట్టుకుపోయినా నా తోట తరగదు. దీని గొప్పతనమే అది."

పైడితల్లి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఇలాంటి పిచ్చి మారాజు మళ్ళీ దొరకడని ఆవిడకి అర్థమైపోయింది.

"కాకపోతే ఒక వారం ఆగాలి."

"వారం ఆగితే రాలిపోవా బావూ?"

"రాలిపోతాయి!" మాస్టారు ఆనందంతో గట్టిగా అరిచినంత పనిచేశారు. "టయానికి కింద బుట్ట పెట్టకపోతే రాలిపోతాయి. కిటుకంతా అందులోనే ఉంది! మీకెలా తెలుసు? ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఇది నేర్సుకోవాలేటి? గౌన్లు తొడుక్కున్న కాడ్నించీ ఇదే పని గదా మాకు."

చిన్నప్పట్నుంచీ! అంటే తారామతి ఏదో పల్లెటూరి స్కూలుకి కూడా వెళ్ళిందన్నమాట, ఆ ఆట ఎవరో ఆడారన్నమాట. ఈ కబురు మగ్దలీన టీచరుకి చెప్పగలిగితే ఎంత బాగుణ్ణు అనుకున్నారు మాస్టారు. బస్సు కిటికీ పక్కన కూర్చుని నందిగాం దాటేదాకా అదే అనుకున్నారు. కళ్ళు తడయ్యాయి కూడా.

ఈలోగా పైడితల్లి తిన్నగా కూర్మనాథం దగ్గరికి వెళ్ళి తోట ఎక్కడని అడిగింది.

"కంచిలి రోడ్డు మీద ఉంది. వాళ్ళన్నియ్య జక్కయ్య చేతికింద. కాని ఆరెకరాలే గదా?"

"నలభై యెనిమిది. ఆయన నోటితో ఆయనే సెప్పినారు."

కూర్మనాథం మొహం మాడిపోయింది. మిగిలిన నలభై రెండెకరాలూ తనకి చెప్పకుండా ఇంకో లేఖరి చేత రాయించుకున్నారని ఆయనకి కోపం వచ్చింది. ఆ కోపంలో వచ్చినవాడికల్లా చెప్పాడు. పదిన్నరకల్లా టెక్కలి బజారంతా, పదకొండుకి పలాస సగం ఊరూ ఆ సంగతి మాట్లాడుకుంటున్నాయి.

శ్రావణి పదకొండుకి షాపు తెరిచాక, మాస్టారు క్యాసెట్టు సంచిలోంచి తీస్తుండగా బయట ట్రాక్టరు ఆగింది. నిండా ఆడవాళ్ళు, బుట్టలు, గోనెలు. వెనకాల ఇంకో ట్రాక్టరు. పైడితల్లి పైనుంచి చెయ్యూపింది.

"మాస్టారూ! వారం ఆగలేం బావూ, తవరి తోటకే ఎల్తన్నాం! దేవుడు తవర్ని సల్లగా సూడాల!"

ట్రాక్టర్లు వెళ్ళిపోయాయి. మాస్టారు చేతిలో క్యాసెట్టు వంక చూసుకున్నారు. "తోట ఇక్కడుంటే వీళ్ళెక్కడికమ్మా వెళ్తన్నారు?"

శ్రావణి అప్పటికే బల్ల మీది పేపరు తీసి చదివింది. "మాస్టారూ, ఇందులో కాపీ అని లేదండి. కాపు అనుంది."

"ఏదీ?" అని చదివిన మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. "నలభై ఎనిమిది కె అన్నానమ్మా. అందరికీ మొత్తం అన్నాను. తరగదన్నాను. బాబోయ్, అన్నియ్య తోట!"

శ్రావణి షాపుకి తాళం వేసి ఆటో మాట్లాడింది. మాస్టారు క్యాసెట్టూ, దాన్ని వినిపించడానికి సంచిలో తెచ్చుకున్న బ్యాటరీ టేప్ రికార్డరూ ఒళ్ళో పెట్టుకుని దారంతా ప్రార్థన చేశారు. ప్రార్థన మధ్యలో కూర్మనాథాన్ని రెండు మాటలు అన్నారు కూడా.

తోటలో తీర్థంలాగా ఉంది. చెట్టుకి నలుగురు చొప్పున వంగి పిక్కలు ఏరుతున్నారు. మొత్తం తమదేనని ఎవరికి వారికి నమ్మకం కాబట్టి ఎవరూ తగ్గడంలేదు. నడిమధ్యలో జక్కయ్య కర్ర పుచ్చుకుని, ఎవరిని ముందు కొట్టాలో తేలక గిరగిరా తిరుగుతున్నాడు. తమ్ముణ్ణి చూడగానే ఆ సందేహం తీరిపోయింది.

"ఒరే పెకాషూ! వాటా తీసుకోరా అంటే వద్దన్నావు, జీతం సాలన్నావు. ఇప్పుడు ఊరూవాడా పిలిసి దానం సేత్తావేట్రా? నా పిల్లలు మట్టి తినాలా?"

"అన్నియ్యా, నేనిచ్చింది ఈ తోట కాదు. ఇదీ!" మాస్టారు క్యాసెట్టు పైకెత్తి చూపించారు.

ఏరుతున్నవాళ్ళందరూ నడుములెత్తి అటు చూశారు. పైడితల్లి దగ్గరికొచ్చి ఆ డబ్బీ అటూ ఇటూ తిప్పి చూసింది.

"నలభై యెనిమిదెకరాలూ ఇందులోన ఉన్నాయా?"

"ఎకరాలు కాదమ్మా..."

"ఏరినాక మాట మారుత్తన్నారు సూడర్రా!" అంది వెనకనుంచొకావిడ. గోల మళ్ళీ మొదలైంది. జక్కయ్య కర్ర ఎత్తాడు. ఇక లాభం లేదని మాస్టారు టేప్ రికార్డరు చెట్టు మొదట్లో పెట్టి, క్యాసెట్టు వేసి, మీట నొక్కారు.

మగ్దలీన గొంతు ఆ జీడిచెట్ల కింద వినిపించింది. "పిల్లలూ, ఇది జీడితోట. టేపు తిరుగుతూ ఉంటుంది, కంగారు పడకండి. బుట్ట పట్టుకుని సిద్ధంగా ఉండండి." ఆ వెంటనే కీచుమని రొద, చెవులు గింగుర్లెత్తేలాగ.

"అయ్యో! ఆ పిల్లకేటైనాది?" అని పైడితల్లి గుండె బాదుకుంది. "సక్కగా మాటాడతా మాటాడతా అలా అరిసిందేటి?"

"ఆపు ముందు దాన్ని!" అని జక్కయ్య వంగి, చేతికందిన మీటలన్నీ ఒక్కసారే నొక్కాడు. మూత ఎగిరింది. క్యాసెట్టు సగం బయటికొచ్చింది, టేపు సగం లోపల ఉండిపోయింది. ఆయన విసుగ్గా లాగాడు. గోధుమరంగు టేపు బారలు బారలుగా కర్రకి చుట్టుకుని, పటుక్కున తెగింది.

మాస్టారు నేల మీద చతికిలబడ్డారు. టేపు ముక్కల్ని ఏరి, తుడిచి, ఒళ్ళో పెట్టుకోవడం మొదలుపెట్టారు. వందమందీ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చేశారు.

"ఒరే, ఏట్రా ఇది? కొత్తది కొనిత్తాన్రా" అన్నాడు జక్కయ్య, కర్ర పారేసి.

"ఆ గొంతు కొనివ్వగలవా అన్నియ్యా? నాకున్నది అదొక్కటే."

పైడితల్లికి కంప్యూటర్ తెలీదు కాని ఈ సంగతి ఇట్టే తెలిసిపోయింది. మారుమాట్లాడకుండా తన గోనె తెచ్చి జక్కయ్య ముందు కుమ్మరించింది. ఆవిడ వెనకాల ఒక్కొక్కరూ కుమ్మరించారు. వారం రోజులుగా ఏరడానికి మనుషులు దొరక్క తల పట్టుకున్న జక్కయ్య ముందు, తోట మొత్తం పిక్కలు నడుమెత్తు పోగైంది. తిట్టాలో దణ్ణం పెట్టాలో తెలీక ఆయన అందరికీ కొబ్బరిబొండాలు దింపించాడు. బొండాలు తాగి జనం వెళ్ళిపోయారు. శ్రావణి కూడా ట్రాక్టరెక్కేసింది.

మాస్టారు ఒక్కరూ రోడ్డు పక్క చెట్టుకింద మిగిలారు. ఒళ్ళో టేపు ఉండలు చుట్టుకుపోయి ఉంది.

"అది ఇంక అతకదు మాస్టారూ."

నూతిలోంచి కాదు, అరిగిపోయి కాదు. స్పష్టంగా, పక్కనుంచి. మాస్టారు తలెత్తడానికి భయపడ్డారు. ఎత్తితే మగ్దలీన టీచరు. జుట్టు కాస్త నెరిసింది, చేతిలో ఆనాటి పేపరు.

"ప్రకటన చూసి టెక్కలి బయల్దేరేను. బస్సులోంచి మీరు కనబడితే దిగిపోయేను" అంది ఆవిడ. "కాపు అని పడింది గాని, నేను కాపీ అనే చదివేను. నాకు అభ్యంతరం ఉంది."

"అభ్యంతరమా?"

"సగం ఆట నాది. చెట్లు నావి, పళ్ళు నావి, బుట్ట పట్టుకున్న పిల్ల నాది. హక్కులు ఇచ్చేసేమని మీరొక్కరే సంతకం పెట్టేసేరు."

"ఒక్క సంతకం చాలన్నారండి కంపెనీవాళ్ళు."

"వాళ్ళన్నారు. మీరు నన్నడిగేరా?"

ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి ఒక క్యాసెట్టు తీసి ఆయన ఒళ్ళో, ఆ టేపు ఉండ పక్కన పెట్టింది. పెట్టె మీద ఆవిడ దస్తూరీ: జీడితోట.

"బదిలీ అయ్యేముందు స్టాఫ్‌రూములో రెండు టేప్ రికార్డర్లు పెట్టి కాపీ చేసుకున్నాను. చెయ్యనని నేనెక్కడా సంతకం పెట్టలేదు గదా. మా అమ్మ పోయి ఏడాదైంది. ఈ పద్నాలుగేళ్ళూ ఇది నా దగ్గరే ఉంది."

"కాని మీ దగ్గర కంప్యూటర్ లేదు కదండీ. దీన్నేం చేసుకున్నారు?"

"టేప్ రికార్డర్ ఉంది" అంది మగ్దలీన, రోడ్డు వైపు చూస్తూ. "రెండోవైపు మీ చేత చెప్పించేను, మర్చిపోయేరా? కీచుమనడానికి ముందు మీరు మాటాడతారు."

మాస్టారికి గుర్తొచ్చింది. ఎంత కాలం పోయింది! పలాస దాటితే ముప్పావుగంట దూరంలో ఇంకో టేప్ రికార్డరు తిరుగుతూనే ఉంది, తను ఒక్కసారీ బస్సెక్కలేదు.

"మూతపడ్డ కంపెనీకి ఏడు ఉత్తరాలు రాసేనండి, అడగడానికి" అన్నారు చివరికి.

"కంచిలికి ఒక్కటీ రాయలేదు."

"రాయలేదు."

"అడగాల్సింది వాళ్ళని కాదు."

"ఇప్పుడడగొచ్చాండీ?"

"కాపీ కోసమైతే అక్కర్లేదు, అది ఊరందరికీ ఇచ్చేయండి. ఇంకేదైనా అయితే అడగండి. ఎలా అడగాలో కూడా నేనే చెప్పాలా?"

కంచిలి వెళ్ళే బస్సొచ్చి వాళ్ళ ముందు నెమ్మదించి వెళ్ళిపోయింది. కాసేపటికి టెక్కలి బస్సూ అలాగే వెళ్ళింది. రెండింటికీ ఎవరూ చెయ్యెత్తలేదు.